వాకిట్లో లేదని రాశారు

వెర్లీన్ గేట్‌వుడ్ ఇరవై తొమ్మిదేళ్ళు బడి బస్సు నడిపింది. మిసిసిపీ డెల్టాలో హార్లన్ బెండ్ చుట్టుపక్కల, పత్తి చేలకీ చేపల చెరువులకీ మధ్య మెలికలు తిరిగే రోడ్ల మీద, ఎదర ఏముందో కనపడని పొగమంచులో నడిపింది, వరద నీళ్ళు బస్సు మెట్లదాకా వచ్చినప్పుడూ నడిపింది. ఒకసారి రోడ్డుకి అడ్డంగా చెట్టు కూలితే, పిల్లలందర్నీ గట్టిగా పట్టుకోమని చెప్పి, పక్కనున్న సోయా చేలోంచి తిప్పి తీసుకెళ్ళింది. చేను యజమాని బడికొచ్చి గోల చేస్తే, "పైరు మళ్ళీ వేసుకుంటావు. వీళ్ళకి పరీక్ష మళ్ళీ పెట్టరు" అని చెప్పి పంపించింది. ఆమె బస్సు ఎక్కాల్సిన పిల్ల వాకిట్లో నిలబడి నిలబడి, బస్సు రాక ఇంట్లోకి తిరిగి వెళ్ళిపోయిన రోజు ఆ ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు. ఊళ్ళో వాళ్ళకి తెలుసు, ఆమెకి అది చాలు.

షుగరు ముందు ఆమె కళ్ళ మీద పడింది, తర్వాత కిడ్నీల మీద. కళ్ళ డాక్టరు ఇక లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టనన్న రోజు ఆమె ఏడవలేదు. బస్సు తాళాలు తుడిచి, కవర్లో పెట్టి, బడి ఆఫీసులో ఇచ్చేసింది. ఎవరో కారులో ఇంటి దగ్గర దింపుతుంటే, పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా కుడి కాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉంది.

అరవై ఏళ్ళు దాటాక డయాలిసిస్ మొదలైంది. మంగళ, గురు, శనివారాలు, పదకొండింటికి, నలభై మైళ్ళ అవతల టర్న్‌బుల్ పట్నంలో. కుర్చీలో నాలుగు గంటలు. ఆలస్యంగా వెళ్తే ఆ ఆలస్యం రోగి మెడకే చుట్టుకుంటుంది. కుర్చీ కోసం వెనక ఇంకొకరు కూర్చుని ఉంటారు గనక నాలుగు గంటలు నిండకుండా, మూడు గంటలు కాగానో, రెండున్నర గంటలు కాగానో సూదులు తీసేస్తారు. ఒంట్లో మిగిలిపోయిన నీరు మన వెంటే ఇంటికొస్తుంది.

కారు లేనివాళ్ళు, నడపలేనివాళ్ళు నలభై మైళ్ళు ఎట్లా వెళ్ళిరావాలి? మెడికెయిడ్ కార్డున్న పేదవాళ్ళకి సర్కారు ఉచితంగా బండి పెడుతుంది. ఆ పని ఒక కంపెనీకి అప్పజెప్పింది. కంపెనీ ఫోన్ల గది వేరే రాష్ట్రంలో ఎక్కడో ఉంది. మూడు రోజుల ముందు ఫోన్ చేసి, పుట్టిన తేదీ చెప్పి, కార్డు నంబరు చెప్పి, బండి రాయించుకోవాలి. వాళ్ళు ఇక్కడి చిన్న చిన్న వ్యాన్ల వాళ్ళకి ట్రిప్పులు పంచుతారు. కాగితాల మీద దాని పేరు 'అత్యవసరం కాని ప్రయాణం.' ఆ మాట విన్నప్పుడల్లా వెర్లీన్‌కి ఒళ్ళు మండేది. "వారానికి మూడుసార్లు నా రక్తమంతా బయటికి తీసి, కడిగి, లోపల పెడతారు. అది అత్యవసరం కాదంట. జుట్టు సింగారించుకోడానికి వెళ్తున్నాననుకుంటున్నారు" అనేది పక్కింటి ఒనీటాతో.

ఆ గురువారం మార్చి నెల. వెర్లీన్ తొమ్మిదింటికే తయారై వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో సంచీ. అందులో దుప్పటి, ఎందుకంటే రక్తం బయట తిరిగేటప్పుడు వణుకు పుడుతుంది. ఒక చిన్న రేడియో. మంచుముక్కలు వేసుకున్న గ్లాసు, నీళ్ళు ఇష్టమొచ్చినట్టు తాగకూడదు గనక. వ్యాన్ తొమ్మిదీ నలభై ఐదుకి రావాలి. పదయింది. పదిన్నరయింది. రోడ్డు మీద పత్తి జిన్నింగు మిల్లు లారీ ఒకటి పోయింది, పోస్టు బండి పోయింది. పదకొండయ్యేసరికి టర్న్‌బుల్‌లో తన కుర్చీ ఖాళీగా ఉందన్న సంగతి ఆమెకి కళ్ళకి కట్టినట్టు కనపడింది. అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసింది, మూడుసార్లూ పాట వినిపించారు. పన్నెండూ ఇరవైకి ఒక ఆడపిల్ల గొంతు పలికింది.

"మా రికార్డులో డ్రైవరు తొమ్మిదీ యాభై రెండుకి మీ ఇంటికి వచ్చారండి. పది నిమిషాలు ఆగారు. మీరు వాకిట్లో లేరు."

"నేను తొమ్మిదింటి నుంచీ వాకిట్లోనే ఉన్నాను తల్లీ. ఇప్పుడు కూడా వాకిట్లోంచే మాట్లాడుతున్నాను. ఇటు కుక్క కూడా రాలేదు."

"మా రికార్డులో అలా లేదండి. మీకు తర్వాతి ప్రయాణం శనివారం."

"మంగళవారం నుంచి శనివారం దాకా ఆగితే నా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ సంగతి మీ రికార్డులో ఉందా?"

"ఒంట్లో బాగోకపోతే అంబులెన్సుకి ఫోన్ చేయండి."

"అంటే సగం చచ్చాక పిలిస్తే పన్నెండు నిమిషాల్లో వస్తారు. బతికుండి పిలిస్తే రారు. అంతే కదా?"

"నేనలా అనలేదండి."

"నువ్వనలేదులే తల్లీ. నువ్వు మంచిపిల్లవే. నీ చేతికి ఆ కాగితం ఇచ్చినవాళ్ళు అంటున్నారు."

ఆమె అంబులెన్సుకి ఫోన్ చెయ్యలేదు. డయాలిసిస్ సెంటరుకి చేసింది. నర్సు ఎవరెవరితోనో మాట్లాడి శుక్రవారం మధ్యాహ్నం ఒక కుర్చీ సంపాదించింది. శుక్రవారానికి వెర్లీన్ చీలమండలు వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతున్నాయి, వంగి చెప్పులేసుకుంటే ఆయాసం. ఒనీటా చేపల ఫ్యాక్టరీలో ఆ రోజు కూలి మానుకుని, తన పాత ట్రక్కులో తీసుకెళ్ళింది. ఒనీటా స్ప్రాట్ చేసే సాయం ఎప్పుడూ తిట్లతోనే వచ్చేది. దారి పొడుగునా కంపెనీని తిట్టింది, ట్రక్కుని తిట్టింది, నిన్ననే ఎందుకు చెప్పలేదని వెర్లీన్‌ని తిట్టింది.

శనివారం వ్యాన్ వచ్చింది, కొత్త డ్రైవరుతో. లోపల ఎప్పటిలాగే క్లియోఫస్ మూడీ కూర్చుని ఉన్నాడు. ఆయనకి డెబ్బై నాలుగేళ్ళు. రైలు పట్టాలు వేసే ముఠాలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. షుగరు ఆయన కళ్ళని పూర్తిగా తీసుకుని తొమ్మిదేళ్ళయింది. అయినా చొక్కాకి ఇస్త్రీ, తలకి టోపీ లేకుండా గడప దాటడు.

"గురువారం నువ్వు లేవేం అమ్మాయ్? ఒంట్లో బాగాలేదనుకున్నాను" అన్నాడు.

"బండి వస్తే కదా ఉండటానికి."

క్లియోఫస్ డ్రైవరుకి వినపడకుండా గొంతు తగ్గించాడు. "మీ ఇంటికి రావాలంటే జోడు పట్టాలు దాటాలి కదా. గురువారం మేం ఏ పట్టాలూ దాటలేదు. పెద్దరోడ్డు మీద పెట్రోలు బంకు దగ్గర ఆగాం. కోడి కార్జాలు వేగుతున్న వాసన. ఆ రోజు బండి నడిపిన జవారిస్ కుర్రాడు దిగి, ఏదో తెచ్చుకుని, మళ్ళీ ఎక్కాడు. సీట్లో కూర్చుని టిక్కూ టిక్కూ అని, ట్రిప్పులు నమోదు చేస్తారే, ఆ పలక నొక్కాడు. అక్కణ్ణుంచి సూటిగా టర్న్‌బుల్."

వెర్లీన్ ఒళ్ళోని సంచీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పెట్రోలు బంకు ఆమె ఇంటికి నాలుగు మైళ్ళు. అంటే ఎవరో పొరపాటున వేరే వాకిలికి వెళ్ళి ఆగలేదు. అసలు రాకుండానే, ఆమె లేదని రాశారు.

సోమవారం ఉత్తరం వచ్చింది. 'మూడోసారి ప్రయాణికురాలు వాకిట్లో లేరు. నిబంధనల ప్రకారం ముప్పై రోజులు మీ ప్రయాణాలు నిలిపివేయడమైనది.' మొదటిసారి అన్నది ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజు, ఆ సంగతి ముందే ఫోన్ చేసి చెప్పింది. రెండోసారి అన్నది, వాళ్ళు పాత చిరునామాకి బండి పంపిన రోజు. మూడోది ఇది. వెర్లీన్ భూతద్దం పెట్టుకుని ఆ ఉత్తరాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. చదవడానికి గంటన్నర పట్టింది. రెండో పేజీలో, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో, ఆమెకి కావలసింది దొరికింది. పది రోజుల్లోపు విచారణ కోరితే, తీర్పు వచ్చేదాకా ప్రయాణాలు ఆపకూడదు.

వెంటనే ఫోన్ తీసింది.

"రేపటికి నాకు బండి కావాలి."

"మీ ప్రయాణాలు ఆపేశారండి" అన్నాడు ఈసారి ఒక మగవాడు.

"నేను విచారణ అడుగుతున్నాను. రెండో పేజీ, కింద నుంచి మూడో పేరా. నువ్వు చదువుతావా, నన్ను చదవమంటావా?"

"నా దగ్గర ఆ ఉత్తరం లేదండి."

"పరవాలేదు. నేను మెల్లగా చదువుతాను, నాకు కళ్ళు సరిగ్గా కనపడవు. నువ్వు ఓపిగ్గా వినాలి."

చదివింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. ఆ మనిషి మధ్యలో రెండుసార్లు "సరేనండి" అన్నాడు, ఆమె ఆగలేదు. ఆ తర్వాత నలభై నిమిషాలు పాట వినిపించారు. పాట అయిపోయాక బండి రాశారు.

విచారణ కోసం పంపాల్సిన ఉత్తరాన్ని వెర్లీన్ చెప్తుంటే ఒనీటా వంటింటి బల్ల మీద రాసింది. "నేను వాకిట్లో ఉన్నాను. మీ బండి రాలేదు. రాలేదన్న సంగతి మీకు తెలుసు. నన్ను విచారణకి పిలవండి."

"ఇంతేనా? ఒకటి రెండు మర్యాద మాటలు వెయ్యనా?" అంది ఒనీటా.

"'దయచేసి' అని ఒకటి వెయ్యి. మొదట్లో కాదు, చివర్లో."

విచారణ ఏప్రిల్ నెలాఖరుకి పెట్టారు. దానికి వారం ముందు కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఇన్నాళ్ళూ మాట్లాడినవాళ్ళలా కాదు, తీరిగ్గా, తేనె పూసినట్టు మాట్లాడింది. ప్రయాణాలు ఆపిన ఉత్తర్వు వెనక్కి తీసుకుంటామంది. ఇకమీదట గేట్‌వుడ్ గారి బండి ఆలస్యం కాకుండా తను స్వయంగా చూసుకుంటానంది. ఒనీటా తీసుకెళ్ళిన ఆ శుక్రవారానికి మైళ్ళ లెక్కన పెట్రోలు ఖర్చు కూడా ఇస్తామంది. విచారణ మాత్రం ఉపసంహరించుకుంటే చాలు.

"మరి ఆ మాట?" అంది వెర్లీన్.

"ఏ మాటండీ?"

"నేను వాకిట్లో లేనని రాశారు కదా. అది కొట్టేస్తారా?"

"రికార్డులో ఉన్నది మార్చడం మా చేతిలో లేదండి. కానీ దానివల్ల మీకు ఏ ఇబ్బందీ ఉండదు."

"మీ చేతిలో లేకపోతే ఉన్నవాళ్ళతోనే మాట్లాడతాను. విచారణ రోజు కలుద్దాం."

ఆ సాయంత్రం ఒనీటాకి ఇది తెలిసి ఇంతెత్తున లేచింది. "నీకు కావలసింది బండి. బండి ఇస్తామన్నారు. నా పెట్రోలు కూడా ఇస్తామన్నారు. ఇంకేం కావాలి నీకు? రేపు విచారణలో ఓడిపోయావనుకో, నెల రోజులు నేను కూలి మానుకుని తిప్పాలి. తిప్పుతాను, అది వేరు సంగతి. కానీ నా ట్రక్కు తిరగదు."

వెర్లీన్ స్టవ్ దగ్గర నిలబడి ఆకుకూర కలుపుతోంది, ఉప్పు లేకుండా, డాక్టరు చెప్పినట్టు.

"నా బస్సెక్కే పిల్లల్లో ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. పొద్దున్నే దాన్ని లేపి తయారుచేసేవాళ్ళు లేరు" అంది. "రోజూ ఆలస్యమే. నేను ఆగేదాన్ని. బడిలో ఒక గుమాస్తా 'ఆ పిల్ల రాలేదని రాసుకుని వెళ్ళిపో, నిన్నెవరు అడుగుతారు' అన్నాడు. నిజమే, ఎవరూ అడగరు. రాసేస్తే అయిపోతుంది. అది ఎంత సులువో నాకు తెలుసు ఒనీటా. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ కలం నా చేతిలోనూ ఉంది. నేను ఒక్కసారి కూడా రాయలేదు. ఇప్పుడు నా పేరు మీద రాస్తే ఊరుకుంటానా?"

ఒనీటా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఉప్పు లేని కూర ఎలా తింటావు నువ్వు" అని, తనకి కూడా పెట్టమంది.

సాక్ష్యం సంగతి వెర్లీన్ క్లియోఫస్‌ని అడగలేదు. ఆయనే కదిపాడు, డయాలిసిస్ సెంటరులో. ఇద్దరి కుర్చీలూ పక్కపక్కనే. ఇద్దరి చేతులకీ గొట్టాలు, మధ్యలో యంత్రాల చప్పుడు.

"నేను చెప్పాలని నీకుంది. నువ్వు అడగవు" అన్నాడు.

"మీకు ఆ బండి తప్ప గతి లేదు. నాకు ఒనీటా అయినా ఉంది. మీరు నోరు విప్పితే రేపు మీ వాకిలికి బండి రాకపోవచ్చు. అందుకే అడగలేదు."

"నాకు భయం లేదనను." ఆయన టోపీ సర్దుకున్నాడు. సర్దుకోవలసిన అవసరం లేదు, అది సరిగ్గానే ఉంది. "కానీ ఒకటి చెప్తాను విను. తొమ్మిదేళ్ళుగా నా ముందు ఎవరైనా ఏదైనా చెయ్యొచ్చనుకుంటున్నారు. కొట్లో చిల్లర తక్కువిస్తారు. నేను పక్కనుండగానే నా గురించి మాట్లాడుకుంటారు. ఆ కుర్రాడు కూడా నేనున్నానని తెలిసే ఆ పలక నొక్కాడు. బండిలో నేనుంటే ఎవరూ లేనట్టే. విచారణ ఎన్నింటికి?"

బుధవారం పదింటికి, కౌంటీ ఆఫీసులో. చిన్న గది, ఒక బల్ల, దాని మీద ఫోను. సర్కారు విచారణాధికారి రాష్ట్ర రాజధాని నుంచి ఫోన్లో మాట్లాడతాడు, కంపెనీ ప్రతినిధి తన రాష్ట్రం నుంచి. ఒనీటా ట్రక్కులో ముగ్గురూ ఇరుక్కుని వచ్చారు. వెర్లీన్ చర్చికి వేసుకెళ్ళే నీలం గౌను వేసుకుంది. ఫోన్లో ఎవరికీ కనపడదని ఒనీటా అంటే, "నాకు కనపడుతుంది" అంది.

కంపెనీ ప్రతినిధి రికార్డు చదివాడు. తొమ్మిదీ యాభై రెండుకి డ్రైవరు 'చేరుకున్నాను' అని నొక్కాడు. పదీ రెండుకి 'ప్రయాణికురాలు లేరు' అని నొక్కాడు. ఇంతకంటే చెప్పేదేమీ లేదన్నాడు. వెర్లీన్ తన మాట చెప్పింది, నాలుగు వాక్యాల్లో. తర్వాత క్లియోఫస్ ఫోనుకి దగ్గరగా వంగాడు. పట్టాలు, పెట్రోలు బంకు, కోడి కార్జాల వాసన, పలక నొక్కిన టిక్కు టిక్కులు, అన్నీ వరసగా చెప్పాడు.

"మూడీ గారూ, వ్యాన్ బంకు దగ్గర ఆగడం మీరు చూశారా?" అని అడిగాడు ప్రతినిధి.

"లేదు సార్. నేను చూసి తొమ్మిదేళ్ళయింది, ఏదైనా."

"అంటే మీకు కనపడదా?"

"కనపడదు."

"మరైతే వ్యాన్ ఎటు వెళ్ళిందో మీరెలా చెప్పగలరు?"

"ముప్పై ఏళ్ళు నేను పట్టాలు వేశాను సార్. ఈ కౌంటీలో ఏ పట్టాలు దాటేచోట బండి ఎన్నిసార్లు ఎగురుతుందో నా నడుముకి తెలుసు. ఆమె ఇంటి దగ్గర జోడు పట్టాలు. మొదట చిన్న ఎత్తు, తర్వాత పెద్దది. పెద్దదాని దగ్గర నా పళ్ళు కొట్టుకుంటాయి. ఆ రోజు కొట్టుకోలేదు. మీకు నా కళ్ళ మీద నమ్మకం లేకపోతే పరవాలేదు. నాకూ లేదు."

ఒనీటా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు విచారణాధికారి, అప్పటిదాకా పొడిపొడిగా మాట్లాడుతున్న మనిషి, ఒక ప్రశ్న అడిగాడు.

"డ్రైవరు 'చేరుకున్నాను' అని నొక్కినప్పుడు ఆ పరికరం ఎక్కడున్నదీ కూడా నమోదవుతుందా?"

"అవుతుందండి" అన్నాడు ప్రతినిధి.

"ఆ సమయానికి ఎక్కడుంది?"

"అది నేను చూడాలండి."

"చూడండి. మేం ఆగుతాం."

ఆగారు. కీబోర్డు మీద వేళ్ళ చప్పుడు వినపడింది, ఆగింది, మళ్ళీ వినపడింది. వెర్లీన్ బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎడమ చేతిలో డయాలిసిస్ కోసం కలిపిన నరం చర్మం కింద గుయ్యిమంటోంది. చాలాసేపటికి ప్రతినిధి గొంతు వచ్చింది, మునుపటికంటే చిన్నగా. ఆ సమయానికి పరికరం పెద్దరోడ్డు మీద ఉన్నట్టు కనిపిస్తోందన్నాడు. అక్కడ ఇంధనం పోసే చోటు ఒకటి ఉన్నట్టుందన్నాడు.

"కార్జాలు బాగా వేయిస్తారు అక్కడ" అన్నాడు క్లియోఫస్.

రెండు వారాల తర్వాత తీర్పు వచ్చింది. మూడు 'లేరు'లూ కొట్టేశారు. ప్రయాణాలు ఆపడం తప్పన్నారు. ఒనీటా శుక్రవారం ప్రయాణానికి మైళ్ళ లెక్కన చెల్లించమన్నారు. ఆ చెక్కుతో ట్రక్కు ట్యాంకు సగం కూడా నిండదని ఒనీటా లెక్కగట్టి, అయినా బ్యాంకుకి వెళ్ళి, కౌంటరులో ఉన్న పిల్లకి అది దేనికొచ్చిన డబ్బో మొదటి నుంచీ చెప్పి మరీ మార్చుకుంది. వెర్లీన్ తీర్పుని భూతద్దం పెట్టుకుని చదివింది. ఎక్కడా క్షమాపణ లేదు. 'రికార్డు సవరించవలెను' అన్న చోట మాత్రం భూతద్దం రెండుసార్లు ఆపింది.

ఆ తర్వాత గురువారం వ్యాన్ నడుపుతూ వచ్చింది జవారిస్. ముప్పై అయిదేళ్ళుంటాయి, పక్క కౌంటీ వాడు. దిగి వచ్చి, ఆమె చేతిలో సంచీ అందుకుని, తలుపు తీశాడు. వ్యాన్ కదిలాక, అద్దంలో ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"మిస్ వెర్లీన్, ఆ రోజు అది రాసింది నేనే."

"తెలుసు."

"మీ ఇద్దర్నీ దింపి, వెంటనే ఇంకో ముగ్గుర్ని ఎక్కించుకోమని పంపారు. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర. ఇచ్చేది ట్రిప్పుకి. ఆలస్యమైతే కోత. మీ ఇంటికొచ్చి వెళ్తే మిగతా నలుగురూ ఆలస్యం. మీరొక్కరే కదా అనుకున్నాను."

"అలా అనుకున్నావు కాబట్టే నేనొక్కదాన్ని ఊపిరాడక కూర్చున్నాను."

"అవునండి."

"పనిలోంచి తీసేశారా నిన్ను?"

"లేదండి. తీసేస్తే నడిపేవాడు లేడు."

"తీసెయ్యమని నేను అడగలేదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో అబ్బాయ్. నీకు టైము లేకపోతే రాలేకపోయానని రాయి. నువ్వు చేసినదాన్ని నేను చేసినట్టు రాయకు."

వెనక సీట్లో క్లియోఫస్ దగ్గాడు. పట్టాలు వచ్చాయి. మొదట చిన్న ఎత్తు, తర్వాత పెద్దది.

ఆ వేసవిలో కంపెనీ నుంచి ఆ తేనె గొంతు ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. వెర్లీన్ గారికి ఈ కౌంటీ రోడ్లన్నీ కొట్టిన పిండి అని విన్నామనీ, ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి వెళ్తే ఆలస్యం కాదో కాస్త చెప్తే అందరికీ ఉపయోగమనీ అంది.

"ఆ మాట చెప్పినందుకు కౌంటీ నాకు ఇరవై తొమ్మిదేళ్ళు జీతమిచ్చింది. మీరెంతిస్తారు?" అంది వెర్లీన్.

అటువైపు ఆవిడ నవ్వింది, ఇది పరాచికమనుకుని. పరాచికం కాదని తెలిశాక, పైవాళ్ళతో మాట్లాడి చెప్తానంది. చెప్పలేదు.

ఆ ఫోన్ వచ్చిన మర్నాడు వ్యాన్‌లో వెర్లీన్ డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. "కలం ఉందా?" అంది జవారిస్‌తో. టర్న్‌బుల్ చేరేదాకా ఎక్కడ ఆగితే అక్కడ చెప్తూ వచ్చింది. ఫలానా వంతెన దగ్గర వానాకాలం వెళ్ళొద్దు. చేపల చెరువు గట్టు మీద దారుంది, యజమాని ఏమీ అనడు, వాడు నా బస్సెక్కినవాడే. క్లియోఫస్‌ని ముందు కాదు, నా తర్వాత ఎక్కించుకో. అలా అయితే పట్టాలు ఒక్కసారే దాటతావు. జవారిస్ చీటీల వెనకాల, సిగరెట్ పెట్టె మీద, ఏది దొరికితే దాని మీద రాసుకున్నాడు.

మంగళవారం ఆమె వాకిట్లోంచి బండెక్కేసరికి పలక నిండా కంపెనీ పంపిన దారి గీతలు ఉన్నాయి. మిల్లు మలుపు దగ్గరికి రాగానే పలకలోంచి ఒక ఆడగొంతు ఎడమకి తిరగమంది.

"కుడికి" అంది వెర్లీన్.

పలక మళ్ళీ ఎడమ అంది. దారి తప్పుతున్నారని కూడా చెప్పింది. జవారిస్ చెయ్యి చాచి దాని గొంతు తగ్గించి, కుడికి తిప్పాడు. పదీ నలభైకి, క్లియోఫస్‌తో సహా ముగ్గురూ టర్న్‌బుల్‌లో ఉన్నారు. వెర్లీన్ నాలుగు గంటలూ పూర్తిగా కూర్చుంది. రెండున్నరకి ఎవరో కొత్త టెక్నీషియను సూదులు తియ్యబోతే, గడియారం వైపు వేలు చూపించి, ఇంకా అరగంట తనదేనని చెప్పి, దుప్పటి మెడదాకా లాక్కుంది.